ఎంఎస్ వచ్చిన చెల్లికి ఏం పెట్టాలి, ఏం మానిపించాలి?

మీరు అడిగింది ముందు రెండు ముక్కల్లో చెప్పి మొదలుపెడతాను. మీ చెల్లికి 27 ఏళ్లు. ఒక కన్ను మసకబారింది, కొన్ని నెలలకు కాళ్లు తిమ్మిరెక్కాయి. ఎంఆర్ఐ తీస్తే మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) అని తేలింది. స్టెరాయిడ్ ఇంజెక్షన్లు అయిపోయాయి, ఇప్పుడు డైమిథైల్ ఫ్యూమరేట్ క్యాప్సూల్స్ మొదలుపెట్టారు. బంధువుల్లో ఒకరు పాలు, పెరుగు మానమన్నారు. ఇంకొకరు బియ్యం, గోధుమ ముట్టొద్దన్నారు. ఆహారంతోనే నయమవుతుంది, మందులక్కర్లేదు అని ఒక వీడియోలో చూశారు. ఏం వండాలో తెలియక అమ్మగారు టెన్షన్ పడుతున్నారు.

నేను హైదరాబాద్‌లో డైటీషియన్‌ని. నరాల జబ్బులున్నవాళ్లతోనే చాలా ఏళ్లుగా పని. అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఒకటుంది: ఏం తిన్నా, ఏం మానినా, డాక్టరు చెప్పకుండా ఆ క్యాప్సూల్ మాత్రం ఆపొద్దు. మెదడులో, వెన్నుపాములో నరాల చుట్టూ మైలిన్ అనే పొర ఉంటుంది. ఎంఎస్‌లో మన రోగనిరోధక వ్యవస్థే ఆ పొర మీద దాడి చేస్తుంది. ఆ దాడుల్ని తగ్గిస్తాయని గట్టిగా రుజువైనవి మందులే. ఫలానా ఆహారం ఆ పని చేస్తుందని ఇంతవరకూ తేలలేదు. వైద్య పరిశోధనలను కలిపి తూచి చూసే కోక్రేన్ సంస్థ వాళ్లు 2020లో ఆహారం మీద జరిగిన 30 ట్రయల్స్‌ను కలిపి పరిశీలించారు. దాడులు తగ్గుతాయని గానీ, వైకల్యం ఆగుతుందని గానీ చెప్పడానికి సరిపడా ఆధారం లేదన్నారు.

మరి ఆహారంతో తగ్గిందని అంతమంది ఎందుకు చెబుతారు? వాళ్లందరూ అబద్ధం చెబుతున్నారని నేననను. ఈ జబ్బు తీరే అలాంటిది. చాలామందికి మొదటి ఏళ్లలో ఇది వచ్చి పోతూ ఉంటుంది. మసకబారిన చూపు కొన్ని వారాల్లో చాలావరకు తిరిగొస్తుంది. ఆ వారాల్లో ఎవరేం పెడితే దానికే పేరొస్తుంది. గోధుమగడ్డి రసం తాగినవాళ్లు రసం వల్లే అంటారు, కొర్రన్నం తిన్నవాళ్లు కొర్రల వల్లే అంటారు. పైకి ఏ ఇబ్బందీ లేని రోజుల్లో కూడా లోపల కొత్త మచ్చలు రావచ్చు, ఎంఆర్ఐ తీస్తే గానీ తెలియదు. బాగానే ఉన్నాను కదా అని మందు మానేసి, తర్వాత కర్ర సాయంతో నడుస్తూ వచ్చినవాళ్లను చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక ఎంఎస్ డైట్ అని పేరుపడ్డవాటి సంగతి. వీటిలో పాతది స్వాంక్ డైట్. రాయ్ స్వాంక్ అనే న్యూరాలజిస్టు 1940ల చివర్లో కెనడాలోని మాంట్రియల్‌లో దీన్ని మొదలుపెట్టారు. నార్వేలో సముద్రతీరాన చేపలు తినేవాళ్లలో ఎంఎస్ తక్కువగా, లోపలి ప్రాంతాల్లో వెన్న, పాలు ఎక్కువగా తినే రైతు కుటుంబాల్లో ఎక్కువగా కనిపించడం ఆయనను ఆలోచనలో పడేసింది. మాంసం, వెన్నల్లో ఉండే సంతృప్త కొవ్వును బాగా తగ్గించి తినమన్నారు. 34 ఏళ్లు పేషెంట్లను గమనించి, 144 మంది ఫలితాలను 1990లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. కొవ్వు తగ్గించి తిన్నవాళ్లు మెరుగ్గా ఉన్నారన్నది సారాంశం. అంత ఓపికగా చేసిన పని మీద నాకు గౌరవం ఉంది. కానీ అందులో పోల్చి చూడటానికి విడిగా ఒక గ్రూపు లేదు. ఒంట్లో బాగున్నవాళ్లు డైట్ పట్టుదలగా చేస్తారు, జబ్బు ముదిరినవాళ్లు విసిగి వదిలేస్తారు. అప్పుడు డైట్ వల్ల బాగున్నారో, బాగున్నారు కాబట్టి డైట్ చేశారో ఎలా తేల్చగలం?

రెండోది వాల్స్ డైట్. అమెరికాలోని అయోవాలో టెర్రీ వాల్స్ అనే డాక్టరుకే 2000లో ఎంఎస్ అని తేలింది, కొన్నేళ్లకు వీల్‌చెయిర్ దాకా వెళ్లింది. ఆకుకూరలు, కూరగాయలు, మాంసం బాగా తిని, ధాన్యాలు, పప్పులు, పాలు మానేసి తిరిగి నడిచారు. మీరు చూసిన వీడియోలో ఈ కథే చెప్పి ఉంటారు. ఆమె ఆహారంతో పాటు వ్యాయామం, కండరాలకు విద్యుత్ ప్రేరణ కూడా చేశారన్నది చాలామంది చెప్పరు.

ఈ రెండు డైట్లనూ పక్కపక్కన పెట్టి చేసిన ట్రయల్ 2021లో వచ్చింది. 87 మందితో మొదలైంది, 72 మంది 24 వారాలూ పూర్తి చేశారు. ఒక డైట్‌లో ధాన్యాలు, వెన్న తీసిన పాలు ఉన్నాయి, ఇంకో దాంట్లో అవేవీ లేవు. అయినా రెండు గ్రూపుల్లోనూ నీరసం తగ్గింది. అంతకుముందు 2016లో ఓరెగాన్‌లో 61 మందితో ఒక ట్రయల్ జరిగింది. ఆ డైట్‌లో నూనె దాదాపు లేదు, మాంసం, పాలు లేవు, అన్నం, దుంపలు, పప్పుల్లాంటివే ప్రధానం. ఏడాది తర్వాత చూస్తే ఎంఆర్ఐలో తేడా ఏమీ లేదు. కానీ బరువు, కొలెస్టరాల్ తగ్గాయి, నీరసం తగ్గింది.

నాకు ఇందులో అర్థమైంది ఇదీ. ఒకరు అన్నం పెట్టారు, ఒకరు మాన్పించారు. ఒకరు మాంసం పెట్టారు, ఒకరు వద్దన్నారు. అందరూ కలిసింది మాత్రం ఒక్కచోటే: కూరగాయలు, పళ్లు పెరిగాయి. బేకరీ సరుకు, వేపుళ్లు, కూల్‌డ్రింకులు, ప్యాకెట్ తిండి పోయాయి. మేలు జరిగి ఉంటే అక్కడే జరిగి ఉండాలి. ఆ పని చేయడానికి మన వంటింట్లోంచి బియ్యాన్నో పెరుగునో బయటికి పంపక్కర్లేదు.

పాల గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ భయం దానిమీదే ఉంది. పాల వాడకం ఎక్కువున్న దేశాల్లో ఎంఎస్ ఎక్కువన్న లెక్కలున్నాయి, పాలలోని కేసీన్ అనే మాంసకృత్తి మీద ఎలుకల్లో ప్రయోగాలూ జరిగాయి. వీటిని పట్టుకుని మీ చెల్లికి పెరుగు మాన్పించలేం. మనుషుల్లో పాలు మానేస్తే దాడులు తగ్గాయని చూపినవాళ్లు లేరు. మీరు శాకాహారులని రాశారు. శాకాహారికి పాలూ పెరుగూ తీసేస్తే కాల్షియం, మంచి మాంసకృత్తులు, బీ12 ఒకేసారి పోతాయి. స్టెరాయిడ్లు పడ్డ ఒంటికి, రేపు నడక తగ్గే అవకాశమున్న కాళ్లకు ఎముకల బలం చాలా అవసరం. మీగడ తీసిన పాలు తోడేసుకుంటే చాలు. పాలు పడక కడుపు ఉబ్బరించేవాళ్ల సంగతి వేరు. వాళ్లకు రాగులు, నువ్వులు, తోటకూర, మునగాకు ఉన్నాయి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. గోధుమ విషయంలోనూ భయపడక్కర్లేదు. గోధుమలో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తి అసలే పడని సీలియాక్ జబ్బు ఉంటే తప్ప దాన్ని మానాల్సిన పని లేదు.

కొవ్వు విషయంలో మాత్రం స్వాంక్ మాట కొంత వినడం మంచిదే, ఎంఎస్ కోసం కాకపోయినా గుండె కోసం. బీపీ, షుగర్, కొలెస్టరాల్, అధిక బరువు తోడైనవాళ్లలో ఎంఎస్ వైకల్యం త్వరగా ముదురుతుందన్నది చాలా అధ్యయనాల్లో కనిపించింది. స్వాంక్ రోజుకు 15 గ్రాములకు మించి సంతృప్త కొవ్వు వద్దన్నారు. ఒక పెద్ద చెంచా నెయ్యిలోనే అది 8, 9 గ్రాములుంటుంది. కాబట్టి ముద్దపప్పులోకి చిన్న చెంచాడు వేయండి, చాలు. పామోలిన్ వాడుతుంటే మార్చండి, దాంట్లో దాదాపు సగం సంతృప్త కొవ్వే. వేరుశనగ, నువ్వుల నూనెలు మార్చి మార్చి వాడుకోవచ్చు. వెన్న, కొబ్బరినూనె పెద్ద ఎత్తున తాగించే డైట్లు మన దగ్గర బాగా ప్రచారంలో ఉన్నాయి, వాటి జోలికి వెళ్లొద్దు. ఒమేగా-3 క్యాప్సూల్స్ కొనాలా అని కూడా అడిగారు. నార్వేలోనే 92 మంది మీద పరీక్షించి 2012లో ఫలితం చెప్పారు, కొత్త మచ్చలు తగ్గలేదు. అవిసె గింజల కారప్పొడి చేసుకుని తినండి. చేపలు తినే ఇళ్లలో కానాగంతలు, కవళ్లు వారానికి రెండుసార్లు పులుసు పెట్టుకుంటే సరిపోతుంది.

పళ్లెం ఎలా ఉండాలో అమ్మగారికి చెప్పండి. మన ఇళ్లలో అన్నం గుట్టగా ఉంటుంది, కూర ఓ మూల గరిటెడు ఉంటుంది. దాన్ని మార్చాలి. సగం పళ్లెం కూర, ఆకుకూర పప్పు, పచ్చడి కాకుండా కూరగాయ ముక్కలు. పావు వంతు అన్నమో, జొన్నరొట్టో, కొర్రన్నమో. మిగతా పావు గట్టి పప్పు, శనగలు, అలసందలు, పెరుగు. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ కూడా కూరగాయలు, పళ్లు కలిపి రోజుకు అర కిలో తినమంటోంది, ఉప్పు 5 గ్రాములు దాటొద్దంటోంది. ఆవకాయ మానమని నేననను. రోజూ రెండు పూటలా కాకుండా ఎప్పుడో ఒకసారి నాలుక్కి రాసుకోమంటాను. మధ్యాహ్నం అన్నం ఎక్కువ తింటే ఎంఎస్ వాళ్లకు నీరసం ముంచుకొస్తుంది. ఆ పూట తగ్గించి, నాలుగింటికి ఉడికించిన శనగలో జామకాయో పెట్టండి.

ఇప్పుడు ఆమె వేసుకుంటున్న మందు దగ్గరికి వద్దాం. డైమిథైల్ ఫ్యూమరేట్ మొదలుపెట్టిన మొదటి నెలలో కడుపునొప్పి, విరేచనాలు, ముఖం ఎర్రబడి వేడిగా మండటం మామూలే. చాలామంది ఇక్కడే మందు వదిలేస్తారు, అదే నా బాధ. ఖాళీ కడుపుతో వేసుకున్నా, ఒక్క ఇడ్లీ తిని కాఫీ తాగి వేసుకున్నా కడుపు తిరగబడుతుంది. కాస్త కొవ్వు, మాంసకృత్తులు ఉన్న టిఫిన్ మధ్యలో వేసుకోవాలి. పెసరట్టు, పల్లీ చట్నీ దీనికి సరిగ్గా సరిపోతాయి. రెండు ముద్దలు తిని, క్యాప్సూల్ వేసుకుని, మిగతా పెసరట్టు తినమనండి. రాత్రి పెరుగన్నం మధ్యలో రెండోది. క్యాప్సూల్ విప్పి పొడి కలపొద్దు, నమలొద్దు. ఎక్కువ మందికి నెల దాటేసరికి సర్దుకుంటుంది. సర్దుకోకపోతే డాక్టరు మోతాదు కొన్నాళ్లు తగ్గించి, మళ్లీ నెమ్మదిగా పెంచుతారు. ఎప్పుడైనా మళ్లీ స్టెరాయిడ్ ఇవ్వాల్సి వస్తే, ఆ 3 నుంచి 5 రోజులు ఉప్పు, తీపి తగ్గించాలి. పరామర్శకు వచ్చినవాళ్లు తెచ్చే జ్యూసులు, స్వీట్లు పక్కన పెట్టండి, షుగర్ ఒక్కసారిగా పెరుగుతుంది.

విటమిన్ల విషయానికొస్తే, డీ గురించి చెప్పుకోవాల్సింది చాలా ఉంది. డీ తక్కువున్నవాళ్లకు ఎంఎస్ వచ్చే అవకాశం ఎక్కువని 2006లో అమెరికా సైనికుల రక్త నమూనాల మీద చేసిన పరిశోధనతో బలంగా తేలింది. వచ్చాక డీ ఇస్తే తగ్గుతుందా అన్నది వేరే ప్రశ్న. 2023లో వచ్చిన అమెరికా ట్రయల్‌లో, అప్పటికే ఇంజెక్షన్ మందు మీద ఉన్నవాళ్లకు రోజుకు 5,000 యూనిట్లు ఇచ్చినా, 600 యూనిట్లు ఇచ్చినా తేడా రాలేదు. 2025లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన ట్రయల్ కొంచెం ఆశ పుట్టించింది. అప్పుడే జబ్బు బయటపడి ఇంకా ఎంఎస్ మందు మొదలుకాని 316 మందికి రెండు వారాలకోసారి లక్ష యూనిట్లు గానీ, ఉత్తుత్తి మాత్ర గానీ ఇచ్చారు. రెండేళ్లలో కొత్త దాడి లేదా కొత్త మచ్చ కనిపించింది డీ తీసుకున్నవాళ్లలో 60 శాతం మందికి, తీసుకోనివాళ్లలో 74 శాతం మందికి. తేడా ఉంది. అయినా 60 శాతం మందికి వచ్చిందన్నది కూడా చూడండి. మందుకు బదులుగా డీ పెట్టుకోవడానికి ఇది చాలదు.

మీరు చేయాల్సింది, రక్తంలో 25-హైడ్రాక్సీ విటమిన్ డీ చూపించి, లోటుంటే డాక్టరు రాసిన మోతాదులో భర్తీ చేయడం. ఎండ దండిగా ఉన్న మన ఊళ్లలోనూ డీ లోటు సర్వసాధారణం. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. 60,000 యూనిట్ల సాచెట్ వారానికొకటి అని రాస్తే రోజుకొకటి వేసుకున్నవాళ్లున్నారు. డోసు అయిపోయాక కూడా నెలల తరబడి మెడికల్ షాపులో కొనుక్కుని వాడినవాళ్లున్నారు. కాల్షియం పెరిగిపోయి వాంతులు, మలబద్ధకం, కిడ్నీ దెబ్బతినడం దాకా పోతుంది. చీటీ మీద తేదీలు రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి.

బీ12 తప్పకుండా చూపించండి. శాకాహారుల్లో ఈ లోటు ఎక్కువ. దాని వల్ల కూడా కాళ్లు తిమ్మిర్లు, తూలడం, మతిమరుపు వస్తాయి. అవన్నీ ఎంఎస్ ఖాతాలో వేసేస్తే, తేలిగ్గా సరిచేయగల సమస్య అలాగే మిగిలిపోతుంది. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే డాక్టరుకు చెప్పాలి. ఎంఎస్‌కు బయోటిన్ పెద్ద మోతాదులో పనిచేస్తుందని ఒకప్పుడు ఆశపడ్డారు. 2020లో పెద్ద ట్రయల్‌లో పనిచేయలేదని తేలింది. పైగా అది థైరాయిడ్ వంటి రక్తపరీక్షల ఫలితాలను తారుమారు చేస్తుంది. తిప్పతీగ, అశ్వగంధ వంటి ఇమ్యూనిటీ పెంచే పొడులు వద్దు. ఈ జబ్బులో రోగనిరోధక వ్యవస్థ ఇప్పటికే దారితప్పి ఉంది. కరోనా రోజుల్లో తిప్పతీగ వాడి లివర్ దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే వచ్చాయి. ఎంఎస్ మందుల్లో చాలావాటికి లివర్ పరీక్షలు చేయిస్తూ ఉండాలి, దానికి ఇదొకటి తోడు చేయొద్దు.

వీటన్నిటికంటే నా దగ్గరికి వచ్చేవాళ్ల రోజును ఎక్కువగా పాడు చేసేది ఒకటుంది, ఇంట్లో ఎవరూ దాని గురించి మాట్లాడరు. నీళ్లు. ఎంఎస్‌లో మూత్రం ఆపుకోలేకపోవడం చాలామందికి ఉంటుంది. ఆడపిల్లలైతే చెప్పుకోలేక నీళ్లు తాగడం మానేస్తారు. నా పేషెంట్ ఒకావిడ బ్యాంకులో పనిచేస్తుంది. పొద్దున కాఫీ తప్ప ఇంటికొచ్చేదాకా గుటకెడు నీళ్లు కూడా ముట్టేది కాదు. మలబద్ధకం, దాని వల్ల ఆకలి లేకపోవడం, ఆపైన మూత్రంలో ఇన్ఫెక్షన్, జ్వరం. జ్వరంతో కాళ్లు కదలకపోయేసరికి ఎంఎస్ మళ్లీ తిరగబెట్టిందని ఇంటిల్లిపాదీ ఏడుస్తూ ఆస్పత్రికి వచ్చారు. ఒంట్లో వేడి పెరిగితే పాత లక్షణాలే పైకి తేలతాయి, కొత్త దాడి కానక్కర్లేదు. ఇన్ఫెక్షన్ తగ్గగానే ఆవిడ కాళ్లు మామూలయ్యాయి.

ఆవిడకు మార్చింది పెద్దగా ఏమీ లేదు. లేవగానే రెండు గ్లాసులు, టిఫిన్‌తో ఒకటి, తర్వాత రెండేసి గంటలకు ఒక్కో గ్లాసు, మొత్తం లీటరున్నర నుంచి రెండు లీటర్లు. పడుకునే రెండు గంటల ముందు ఆపేయాలి. అవసరం అనిపించేదాకా ఆగకుండా, రెండు మూడు గంటలకోసారి గడియారం చూసి బాత్రూమ్‌కు వెళ్లాలి. కాఫీ, టీలు బ్లాడర్‌ను రెచ్చగొడతాయి కాబట్టి రోజుకు ఒక కప్పుతో సరి. పొట్టు పెసర్లు, జొన్నరొట్టె, బొప్పాయి, జామ పెరిగాయి. ఇసబ్గోల్ వేసుకుంటే పెద్ద గ్లాసుడు నీళ్లు తప్పనిసరి, లేకపోతే మలబద్ధకం ఇంకా బిగుస్తుంది. మీ చెల్లికి ఈ ఇబ్బంది ఉందో లేదో అమ్మగారితో నెమ్మదిగా అడిగించండి. మీరు అన్నగారు కాబట్టి మీకు చెప్పకపోవచ్చు.

వేడి సంగతి కూడా వంటింటిదే. ఎండాకాలంలో స్టవ్ దగ్గర ఎక్కువసేపు నిలబడితే చూపు మసకబారడం, కాళ్లు బరువెక్కడం ఎంఎస్ వాళ్లకు తెలిసిన అనుభవమే. ఒళ్లు శ్రమపడితే చూపు మసకబారడాన్ని 1890లోనే ఉథాఫ్ అనే జర్మన్ డాక్టరు గుర్తించారు, అది వేడి వల్లేనని తర్వాత తేలింది. చల్లబడితే తగ్గుతుంది, నష్టం జరగదు. వంట ఆమే చేస్తుంటే పొద్దున్నే, ఫ్యాన్ గాలిలో, కూర్చుని కూరలు తరుక్కుని చేసుకోవాలి. ఇడ్లీపిండి, ఉడికించిన శనగలు, తరిగిన కూరలు రెండు మూడు రోజులకు ఫ్రిజ్‌లో ఉంటే సాయంత్రం ఓపిక లేనప్పుడు బయటి నుంచి తెప్పించుకోవాల్సిన పని పడదు. చారు, సాంబారు గోరువెచ్చగా, మజ్జిగ చల్లగా.

కార్తీక సోమవారాల ఉపవాసం గురించి అమ్మగారు అడిగారని రాశారు. రోజంతా నీళ్లు కూడా లేకుండా ఉండటం ఈ మందుతో కుదరదు. పళ్లు, పాలు, వేయించిన పల్లీలు తీసుకుంటూ, క్యాప్సూల్ వేళ తప్పకుండా ఉండేట్టయితే నాకు అభ్యంతరం లేదు. రోజా ఉండే ముస్లిం పేషెంట్లకు సహరి, ఇఫ్తార్ వేళలకు మందు మార్చగలమేమో ముందుగానే న్యూరాలజిస్టును అడగమంటాం.

మింగడంలో ఇబ్బంది మీ చెల్లికి ఇప్పుడు లేదు కాబట్టి వివరంగా రాయడం లేదు. ఎప్పుడైనా నీళ్లు, పలుచటి మజ్జిగ తాగుతూ పొలమారడం తరచూ జరిగితే వెంటనే డాక్టరుకు చెప్పండి. మింగడానికి శిక్షణ ఇచ్చే థెరపిస్టులున్నారు.

వచ్చే అపాయింట్‌మెంట్‌కు వెళ్లేలోపు మూడు రోజులు ఆమె తిన్నదీ తాగినదీ వేళలతో సహా ఒక కాగితం మీద రాయించండి, క్యాప్సూల్ ఎప్పుడు వేసుకుందో, కడుపు ఎప్పుడు ఇబ్బంది పెట్టిందో కూడా. ఇంట్లో వాడుతున్న పొడులు, మాత్రలు, కషాయాలు అన్నీ ఒక సంచిలో వేసి తీసుకెళ్లండి. డీ, బీ12, హిమోగ్లోబిన్, షుగర్, లివర్ పరీక్షలతో పాటు లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాల లెక్క కూడా అడగండి. ఈ మందు మీద ఉన్నన్నాళ్లూ ఆ లెక్క మధ్యమధ్యలో చూడాలి. రిపోర్టులు వచ్చాక, పేరు కొట్టేసి ఇక్కడ పెడితే ఆమెకు తగ్గట్టు వారం మెనూ రాసిస్తాను.